కంపెనీకి రాయితీ, కార్మికుడికి పదిహేను రోజులు

మాండవి నాందేడ్ జిల్లా ఊరు. అయినా మాండవి వాళ్లకు నాందేడ్ కన్నా ఆదిలాబాదే దగ్గర. 1956 దాకా మాండవి ఉన్న కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో అది బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లింది. సరిహద్దు మారిందే గానీ పెళ్లి సంబంధాలు మారలేదు, పని కోసం పోయే దారులూ మారలేదు. పత్తి ఏరివేత అయిపోయాక ఊరు విడిచే కుర్రవాళ్లు కిన్వట్ స్టేషన్‌కు వస్తారు. నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు ముంబై వైపు పోతాడు, కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు సికింద్రాబాద్ వైపు.

ఆ కుర్రవాడు చేరిన ఫ్యాక్టరీ నాలుగేళ్లకో అయిదేళ్లకో మూతపడిందనుకుందాం. దివాలా తీసి కాదు. అదే సరుకు ఇంకో దేశంలో చవగ్గా తయారవుతుందని యజమాని యంత్రాలు సర్దుకుని వెళ్లిపోయాడు. అప్పుడు ఆ కుర్రవాణ్ణి ఎవరు చూడాలి? పని చేసిన రాష్ట్రమా, పుట్టిన రాష్ట్రమా, కేంద్రమా, సర్దుకుపోయిన కంపెనీయా? ఈ నలుగురిలో ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురి వైపు వేలు చూపించడానికి మన చట్టాల్లో కావలసినంత చోటుంది.

ఇది ఊహించి చెబుతున్న బెడద కాదు. తెలుగు నేలకు ఆనుకునే జరిగింది.

చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ 2006లో మొదలైంది. కొద్ది ఏళ్లలోనే ఆ కంపెనీకి ప్రపంచంలో ఉన్న పెద్ద ఫ్యాక్టరీల్లో ఒకటిగా ఎదిగింది. లైన్ల మీద ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల ఆడపిల్లలే. 2013లో ఆదాయపన్ను శాఖ 2,000 కోట్ల రూపాయలకు పైగా కట్టాలని నోటీసిచ్చింది. మరుసటి ఏడాది తమిళనాడు ప్రభుత్వం అమ్మకం పన్ను కింద ఇంకో 2,400 కోట్లు అడిగింది. ఈలోగా నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మేసింది. 2014 ఏప్రిల్‌లో అమ్మకం పూర్తయ్యేసరికి శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ పన్ను తగాదాలో చిక్కుకుని బేరానికి బయటే ఉండిపోయింది. కొన్ని నెలలు మైక్రోసాఫ్ట్‌కు కాంట్రాక్టు మీద ఫోన్లు చేసి పెట్టింది. మైక్రోసాఫ్ట్ తన ఫోన్ల తయారీని ప్రధానంగా వియత్నాంకు మళ్లించుకుంది. 2014 నవంబరు 1న శ్రీపెరుంబుదూరులో లైన్లు ఆగిపోయాయి. అప్పటికే సుమారు అయిదు వేల మంది వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని వెళ్లిపోయారు. డిసెంబరులో అక్కడే ఉన్న ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ కూడా ఆగింది.

అప్పటికి కంపెనీ దగ్గర రెండు ప్రభుత్వాలకూ బాకీ లెక్కలున్నాయి, వాటి కోసం కోర్టులున్నాయి, వకీళ్లున్నారు. ఆ ఆడపిల్లలకు కంపెనీ ఇచ్చిన వీఆర్‌ఎస్ సొమ్ము ఉంది. వాళ్ల కోసం ప్రభుత్వం తరఫున ప్రత్యేక నిధి మాత్రం ఏదీ లేదు.

ఇదే నోకియా అంతకు ఆరేళ్ల ముందు జర్మనీలోని బోహుం పట్టణంలో ఇలాంటి పనే చేసింది. 2008 జనవరిలో అక్కడి ఫ్యాక్టరీ మూసి తయారీని రుమేనియాలోని క్లూజ్‌కు తరలిస్తామని ప్రకటించింది. సుమారు 2,300 ఉద్యోగాలు. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. యూనియన్లతో బేరసారాల తర్వాత కంపెనీ 20 కోట్ల యూరోలు కార్మికుల కోసం కేటాయించింది. అంతకుముందు రాయితీలిచ్చిన రాష్ట్ర ప్రభుత్వం, మాకు చెప్పినన్ని ఉద్యోగాలు నిలబెట్టలేదు కాబట్టి సొమ్ము తిరిగి కట్టమని కూర్చుంది. ఉత్పత్తి తరలిపోవడం వల్ల, దిగుమతుల వల్ల పని పోయినవాళ్ల కోసమే యూరోపియన్ యూనియన్ పెట్టుకున్న నిధి నుంచి మరో 55 లక్షల యూరోలు బోహుం కార్మికుల శిక్షణకూ కొత్త పని వెతకడానికీ వచ్చాయి. క్లూజ్ ఫ్యాక్టరీ కూడా మూడేళ్లకే, 2011లో మూతపడింది. అప్పుడు రుమేనియా కార్మికుల కోసం అదే నిధి మళ్లీ తెరుచుకుంది.

కంపెనీ ఒకటే. బోహుంలో అది మంచిదై, శ్రీపెరుంబుదూరులో చెడ్డదై పోలేదు. అక్కడ అడగడానికి కాగితం మీద హక్కు ఉంది, అడిగే ప్రభుత్వం ఉంది. ఇక్కడ రెండూ లేవు. తేడా అంతా అందులోనే ఉంది.

అలాగని మనకు పథకాలే లేవని కాదు. ఉన్నాయి, పేర్లు కూడా ఘనమైనవే. బట్టల మిల్లులు వరసగా మూతపడుతున్న రోజుల్లో 1986 సెప్టెంబరులో కేంద్రం జౌళి కార్మికుల పునరావాస నిధి పథకం తెచ్చింది. మిల్లు శాశ్వతంగా మూతపడితే మొదటి ఏడాది జీతంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25 శాతం ఇచ్చేది. ఆలోచన చక్కనిది: ఒక్కసారి చేతిలో డబ్బు పోసి పంపకుండా, కొత్త పని దొరికేదాకా ఇల్లు గడిచేలా చూడటం. చిక్కంతా 'శాశ్వతంగా మూత' అన్న షరతులోనే ఉంది. మిల్లు ఆగిపోయిన రోజు వేరు, చట్టప్రకారం మూతపడ్డట్టు తేలిన రోజు వేరు. లాకౌట్ అని, లేఆఫ్ అని, దివాలా విచారణ అని ఏళ్లు సాగేవి. ఆకలి మాత్రం ఫైలు కదిలేదాకా ఆగదు. 2017 ఏప్రిల్ నుంచి ఈ పథకాన్ని కార్మికుల బీమా సంస్థ ఈఎస్‌ఐ వారి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనలో కలిపేశారు.

ఆ యోజన 2005 ఏప్రిల్‌లో మొదలైంది. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ (మిగులు అని పనిలోంచి తీసేయడం) అయినా మొదటి పన్నెండు నెలలు జీతంలో సగం, తర్వాతి పన్నెండు నెలలు పావు వంతు ఇస్తారు. 2018 జూలైలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. దాని కింద మొదట్లో ఇచ్చింది జీతంలో 25 శాతం, అదీ 90 రోజులు, అదీ జీవితంలో ఒక్కసారే. నెలకు 15,000 జీతం తీసుకునే మనిషికి లెక్కగడితే మొత్తం 11,250 రూపాయలు. కోవిడ్ వచ్చాక 25ను 50 శాతం చేశారు. అంటే 22,500. జీవితంలో ఒక్కసారే అన్న మాట అలాగే ఉంది, ఫ్యాక్టరీలు మనిషి జీవితంలో ఒక్కసారే మూతపడతాయన్న భరోసాతో కాబోలు.

ఈ రెండు పథకాలూ ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లకే. నెల జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ ఉండదు. గుత్తేదారు కింద పనిచేస్తూ, ఆరు నెలలకో పేరు మారే కంపెనీ ఖాతాలో చందా ఒకసారి పడి ఒకసారి పడనివాడికి కార్డు ఉన్నా అర్హత ఉండదు. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల్లో పని పత్తి సీజనుకే పరిమితం. అక్కడికి పోయే మాండవి కూలీకి ఇవన్నీ వినడానికే బాగుంటాయి.

కొత్తగా వచ్చింది పారిశ్రామిక సంబంధాల కోడ్. 2020లో పార్లమెంటు ఆమోదించింది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో రీస్కిల్లింగ్ ఫండ్ అని ఒకటుంది. రిట్రెంచ్ చేసిన కార్మికుడి పేర యజమాని పదిహేను రోజుల జీతం జమ చేయాలి, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలి. ఏడాదికి పదిహేను రోజుల చొప్పున ఇచ్చే పాత నష్టపరిహారానికి ఇది అదనం. సంతోషమే. అయితే 15,000 జీతగాడికి ఇది ఏడెనిమిది వేలు. ఆ డబ్బుతో నాందేడ్‌లో గది అద్దెకు తీసుకుని కొత్త పని నేర్చుకోవాలంటే పని నేర్చుకోకముందే అద్దెకు అయిపోతుంది. పైగా గడువు ముగిసి ఇంటికి పోయిన ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగి ఈ కోడ్ లెక్కన రిట్రెంచ్ అయినట్టే కాదు. ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ ఇస్తామన్నది అతనికి కొంత ఊరట. మూతకు ముందస్తు అనుమతి తీసుకోవాల్సిన ఫ్యాక్టరీలు ఇదివరకు వంద మంది కార్మికులున్నవి, ఇప్పుడు మూడు వందల మంది ఉన్నవి. అంటే 299 మందితో నడిచే యజమాని అనుమతి అడగనక్కర లేదు.

నిజాం ప్రభుత్వ కాలంలో ఈ ప్రాంతంలో రెండు పెద్ద బట్టల మిల్లులు ఉండేవి: నాందేడ్‌లో ఉస్మాన్‌షాహీ, వరంగల్‌లో 1934 నాటి ఆజంజాహీ. రెండూ 1974 జాతీయీకరణ చట్టంతో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చాయి, రెండూ మూతపడ్డాయి. ప్రభుత్వ రంగం కాబట్టి అక్కడివాళ్లకు సవరించిన వీఆర్‌ఎస్ దక్కింది. 'గుజరాత్ పద్ధతి' అనేవారు: చేసిన ప్రతి ఏడాదికి 35 రోజుల జీతం, రిటైర్మెంటు దాకా మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజులు. ప్రైవేటు మిల్లు కార్మికుడితో పోలిస్తే మెరుగే. వరంగల్‌లో మిల్లు భూములు అమ్ముడుపోయాక ఇళ్ల స్థలాల కోసం కార్మికులు కోర్టుల చుట్టూ తిరిగారు.

ముంబైలోనూ ఇంతే. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు దిగారు. వాళ్లలో కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వెళ్లిన పద్మశాలీలూ ఉన్నారు. మిల్లులు మూతపడ్డా దేశంలో బట్ట నేయడం ఆగలేదు. అది భివండీ, ఇచల్‌కరంజీ మరమగ్గాల షెడ్లలోకి తరలిపోయింది, ఈఎస్‌ఐ, పీఎఫ్ మాట ఎత్తనక్కర లేని చోటుకు. పని దేశం దాటినా, ఊరు దాటినా గేటు బయట మిగిలిన మనిషికి ఒకటే. ముంబై 1991 అభివృద్ధి నిబంధనల్లో మిల్లు స్థలాల్లో మూడో వంతు ఇళ్ల కోసం విడవాలని రాసుకున్నారు. 2001లో ఒక చిన్న సవరణతో ఆ వాటా బాగా కుదించుకుపోయింది, 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఆ ఇళ్ల కోసం మిల్లు కార్మికుల నుంచి సుమారు లక్షన్నర దరఖాస్తులు వస్తే 2012 లాటరీలో ఇచ్చినవి ఏడు వేలకు లోపు ఇళ్లు. సమ్మె నాటికి పాతికేళ్ల వయసున్న కార్మికుడు లాటరీ నాటికి యాభై అయిదు దాటాడు.

మాండవికి ఇంకా దగ్గరి కథ కావాలంటే ఆదిలాబాద్ సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. కేంద్ర ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్‌ది. 1998లో ఉత్పత్తి ఆగింది. 2006లో ఆమోదించిన పునరుద్ధరణ పథకంలో బొకాజాన్, రాజ్‌బన్, తాండూరు ఫ్యాక్టరీలను నడపాలని, ఆదిలాబాద్‌తో సహా మిగతా ఏడింటినీ వదిలించుకోవాలని తేల్చారు. ఆగినప్పటి నుంచి తేల్చేదాకా ఎనిమిదేళ్లు. అన్నేళ్లు ఏదో ఒకటి జరుగుతుందని ఎదురు చూడటమే అక్కడివాళ్ల ఉద్యోగమైంది.

కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు మరో రకం. 2014 సెప్టెంబరులో మూతపడింది. అదే ఏడాది మొదటి నుంచి ఆసియాన్ ఒప్పందం కింద ఇండోనేసియా వంటి దేశాల కాగితంపై దిగుమతి సుంకం పూర్తిగా పోయింది. మిల్లు మూతకు అదొక్కటే కారణం అనలేం, యాజమాన్యం అప్పులు, ముడిసరుకు కష్టాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. అయితే సుంకం ఎత్తేసిన రోజు, దాని దెబ్బ ఎవరికి తగులుతుందో చూసి వాళ్ల కోసం పక్కన ఒక్క రూపాయి అయినా పెట్టిన ప్రభుత్వం లేదు. తెలంగాణ ప్రభుత్వం రాయితీలిచ్చి, దివాలా ట్రిబ్యునల్ ద్వారా జేకే పేపర్‌ను రప్పించి 2018లో మిల్లును మళ్లీ నడిపించింది. ఇది మెచ్చుకోవలసిన పని. మూతపడ్డ ఫ్యాక్టరీని తెరిపించడాన్ని మించిన సాయం లేదు. నాలుగేళ్ల మధ్యకాలంలో పిల్లల చదువులు మాన్పించిన ఇళ్లకు మాత్రం ఆ తెరవడం ఆలస్యంగా వచ్చింది.

వాణిజ్యం వల్ల దేశానికి లాభం, కొందరికి నష్టం, కాబట్టి లాభంలోంచి నష్టపోయినవాళ్లకు కొంత ఇవ్వాలన్న సూత్రాన్ని ముందు చట్టం చేసింది అమెరికా. 1962లో కెనెడీ హయాంలో వచ్చిన చట్టాన్ని 1974లో విస్తరించారు. ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెడితే చాలు, పని విదేశానికి పోయిందా లేదా అని కార్మిక శాఖే విచారించేది. పోయిందని తేలితే శిక్షణ ఖర్చు, శిక్షణలో ఉన్నంత కాలం భృతి, పని కోసం వేరే ఊరికి మారితే సామాను ఖర్చు. యాభై దాటినవాడు తక్కువ జీతానికి కొత్త పనిలో చేరితే పాత జీతానికీ కొత్త జీతానికీ మధ్య తేడాలో సగం, రెండేళ్లలో పది వేల డాలర్ల దాకా. 2009లో సర్వీసు ఉద్యోగాలకూ వర్తింపజేశారు.

ఇక్కడ తెలుగువాళ్లు గుర్తు పెట్టుకోవలసిన మాట ఒకటుంది. అలా అర్జీలు పెట్టుకున్న అమెరికన్లలో, తమ పని ఇండియాకు పోయిందని రాసినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ హైటెక్ సిటీలో వెలిగిన దీపాల్లో కొన్నింటికి నూనె అటునుంచి వచ్చిందే. పని వచ్చినప్పుడు అది మన తెలివి, పోయినప్పుడు ప్రపంచీకరణ కుట్ర అనడం కుదరదు. వచ్చే పని ఎప్పుడో పోతుందని ముందే తెలిసి ఏర్పాటు చేసుకోవడమే తెలివి.

ఆ అమెరికా పథకం కూడా ఇప్పుడు కొత్తవాళ్లకు లేదు. కాంగ్రెస్ గడువు పొడిగించకపోవడంతో 2022 జూలై నుంచి కొత్త అర్జీలు తీసుకోవడం మానేశారు. దాని ఫలితాల మీదా ఏకాభిప్రాయం లేదు. శిక్షణ పొందినవాళ్లు పెద్దగా బాగుపడలేదని కొన్ని అధ్యయనాలు, బాగానే సంపాదించారని మరికొన్ని చెప్పాయి. శిక్షణ ఒక్కటే మంత్రం కాదన్నది నిజమే. కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ ఇచ్చి నలభై అయిదేళ్ల స్పిన్నింగ్ కార్మికుణ్ణి సాగనంపితే అది శిక్షణ అనిపించుకోదు, చేతులు దులుపుకోవడం అవుతుంది. నెలనెలా చేతికందే డబ్బు ముందు కావాలి, శిక్షణ ఆ తర్వాత.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. ఫ్యాక్టరీని రప్పించేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. తెలంగాణ 2014లో టీ-ఐడియా విధానం తెచ్చింది, మహారాష్ట్ర ప్యాకేజ్ స్కీమ్ ఆఫ్ ఇన్సెంటివ్స్ పెట్టింది. స్టాంపు డ్యూటీ మాఫీ, కరెంటు రాయితీ, కట్టిన పన్ను వాపసు, వెనకబడిన తాలూకాలకు ఇంకాస్త ఎక్కువ. పెట్టుబడికి లెక్క ఉంటుంది, ఉద్యోగాలకు లెక్క ఉంటుంది. వెళ్లిపోతే ఏమిటన్న దానికి కార్మికుడి తరఫున లెక్క ఉండదు. ఏటా కంపెనీకి వాపసు ఇచ్చే పన్నులో కొంత భాగాన్ని, పదో వంతైనా సరే, కార్మికుల పేర విడిగా బ్యాంకులో ఉంచితే సరిపోతుంది. ఒప్పందం గడువంతా ఫ్యాక్టరీ నడిస్తే ఆ సొమ్ము కంపెనీకే వెళ్తుంది. మధ్యలో సర్దుకుపోతే కార్మికులకు వెళ్తుంది, గుత్తేదారు కింద పనిచేసినవాళ్లతో సహా. ప్రభుత్వానికి కొత్తగా పైసా ఖర్చు లేదు. ఇలాంటి షరతు పెడితే కంపెనీలు రావంటారు. ఉండాలని వచ్చే కంపెనీకి ఇందులో నష్టమేమీ లేదు. రాయితీ గడువు దాకానే ఉండాలని వచ్చేవాళ్లు రాకపోతే పోయేదేముంది?

ఈఎస్‌ఐ భృతిని 'జీవితంలో ఒక్కసారి' అన్న బంధం నుంచి విడిపించడం ఇంకా తేలిక, నిబంధన మారిస్తే చాలు. కష్టమైనది మరొకటి ఉంది: రాష్ట్రాల సరిహద్దు. శ్రీపెరుంబుదూరులో ఆగిన ఫాక్స్‌కాన్ మరుసటి ఏడాదే, 2015లో, ఆంధ్రప్రదేశ్‌లో తడ పక్కనున్న శ్రీసిటీలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడ చేయి తిరిగిన పనివాళ్లు ఖాళీగా ఉన్నారు, ఇక్కడ కొత్తవాళ్లకు పని నేర్పుతున్నారు. ఒక రాష్ట్రంలో పని పోయినవాణ్ణి పక్క రాష్ట్రంలో తెరుచుకుంటున్న పనికి చేర్చమని ఏ చట్టమూ ఏ ప్రభుత్వానికీ చెప్పడం లేదు.

మాండవికి ఈ మాట అందరికన్నా ఎక్కువ వర్తిస్తుంది. ఇక్కడి మనిషి ఓటు మహారాష్ట్రలో, ఈఎస్‌ఐ చందా తెలంగాణలో, రేషన్ కార్డు ఒక భాషలో, సర్వీసు సర్టిఫికెట్ ఇంకో భాషలో. ఫ్యాక్టరీ మూతపడిన వారంలోగా కార్మిక శాఖ, ఈఎస్‌ఐ, పీఎఫ్ అధికారులు ఆ గేటు దగ్గరే బల్ల వేసుకుని కూర్చుని, ఎవరికి ఎంత రావాలో రాసి, ఆ కాగితాన్ని ఏ రాష్ట్రంలోనైనా చెల్లేలా చేతికిచ్చి పంపాలి. ఇంటికి చేరాక కిన్వట్ నుంచి హైదరాబాద్‌కు సంతకం కోసం తిరిగే పని ఉండకూడదు.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు బట్టల ఫ్యాక్టరీల నుంచి గోదావరి జిల్లాల రొయ్యల షెడ్ల దాకా ఎంత గాభరా పడ్డాయో అందరూ చూశారు. సుంకాలు ఎక్కుతాయి, దిగుతాయి. ఆర్డర్లు ఒకసారి బంగ్లాదేశ్‌కో వియత్నాంకో పోతే అంత తొందరగా తిరిగి రావు. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకు రోజు కూలీ తప్ప వీఆర్‌ఎస్ అన్న మాటే తెలియదు.

కిన్వట్ అసెంబ్లీ నియోజకవర్గం హింగోలి లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది, పక్కనే ఆదిలాబాద్ స్థానం. ఈ రెండు స్థానాల ఎంపీలు పార్టీలు పక్కన పెట్టి పార్లమెంటులో ఒక్క ప్రశ్న కలిసి అడగాలి: రాయితీ తీసుకున్న ప్రతి కంపెనీ ఒప్పందంలోనూ కార్మికుల వాటా విడిగా ఉంచాలన్న షరతును కేంద్రం ఎప్పటి నుంచి తప్పనిసరి చేస్తుంది? జవాబు వచ్చేదాకా, రెండు రాష్ట్రాల పరిశ్రమల మంత్రులు తమ తర్వాతి ఒప్పందంలోనే ఆ షరతు రాసి చూపించవచ్చు. దానికి ఢిల్లీ అనుమతి అవసరం లేదు.